ఇల్లు పూర్తికాకముందే అద్దెకి మనుషులు: బెంగళూరులో కట్టేవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

మేం హూడీ దగ్గర 30 బై 40 సైట్లో స్టిల్ట్ మీద మూడు అంతస్తులు వేశాం. కింద పార్కింగ్, ఫస్ట్, సెకండ్ ఫ్లోర్లలో ఒక్కో టూ బీహెచ్‌కే, పైన రెండు సింగిల్ బెడ్‌రూములు. మొత్తం నాలుగు పోర్షన్లు. అప్పట్నుంచి మా ఊరివాళ్ళు, వాళ్ళకి తెలిసినవాళ్ళు, ఎవరు సైట్ కొన్నా ఫోన్ చేస్తూనే ఉన్నారు. అందరూ అడిగేవి ఇంచుమించు ఇవే కాబట్టి ఒకచోట రాసి పెడుతున్నాను.

ఇల్లు పూర్తయ్యాకే బోర్డు పెడితే ఏం పోతుంది?

డబ్బు పోతుంది. పోర్షన్‌కి 22,000 అద్దె అనుకోండి. నాలుగు పోర్షన్లు ఒక్క నెల ఖాళీగా ఉంటే 88,000. ఇల్లు పూర్తయ్యేసరికి చేతిలో పైసా మిగలదు, లోన్ పూర్తిగా విడుదలై అసలు ఈఎంఐ కూడా అప్పుడే మొదలవుతుంది. ఆ రెండు మూడు నెలలే ఓనర్‌కి అసలైన టెన్షన్. ముందే మనుషుల్ని చూసుకుంటే ఆ గండం గట్టెక్కుతుంది.

మరి చివరి స్లాబ్ పడగానే మొదలుపెట్టొచ్చా?

పెట్టొచ్చు, ఎవరూ రారు. బెంగళూరులో అద్దెకుండేవాళ్ళు పాత ఓనర్‌కి నెలో, రెండు నెలలో నోటీసు ఇచ్చి ఇల్లు వెతుక్కుంటారు. నాలుగు నెలల తర్వాత వచ్చే ఇంటి కోసం ఇవాళ ఎవరూ తిరగరు. స్లాబ్ కింద సెంట్రింగ్ కర్రల మధ్య నిలబడి "ఇది హాలు, అది కిచెన్" అని మీరు చేయి చూపిస్తుంటే, పాపం మర్యాదకి తలూపి వెళ్ళిపోతారు.

నా లెక్కలో సరైన టైం: ఫ్లోర్ టైల్స్ పడి, గోడలకి పుట్టీ మొదటి కోటు అయి, తలుపులు కిటికీలు బిగించాక. అక్కడి నుంచి పూర్తికావడానికి 45 నుంచి 60 రోజులు పడుతుంది. వాళ్ళ నోటీసు పీరియడ్, మీ పని రెండూ ఒకేసారి అయిపోతాయి.

దీనికి ఒక మినహాయింపు ఉంది. పిల్లలున్న కుటుంబాలు స్కూల్ అడ్మిషన్ చూసుకుని జనవరి, ఫిబ్రవరిలోనే ఆ ఏరియాలో వాకబు చేస్తుంటారు. ఇక్కడ స్కూళ్ళు మే చివర్లోనో, జూన్ మొదట్లోనో తెరుస్తారు. మీ ఇల్లు మే నెలకి పూర్తయ్యేలా ఉంటే అలాంటివాళ్ళ నంబర్లు ముందే రాసి పెట్టుకోండి. ఇల్లు ఆషాఢంలో పూర్తయ్యేలా ఉంటే మాత్రం తెలుగు, కన్నడ కుటుంబాల మీద ఆశ పెట్టుకోకండి. చాలామంది ఆ నెల సామాను కదపరు. అప్పుడు కదిలేది కొత్తగా ఉద్యోగాల్లో చేరే పిల్లలే.

ఏ తేదీ చెప్పాలి?

అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇదే. ఎవరూ అడగనిదీ ఇదే. అద్దె ఎంత చెప్పాలి, అడ్వాన్స్ ఎంత అడగాలి అని అరగంట మాట్లాడతారు. తేదీ మాత్రం మేస్త్రి నోటికొచ్చింది చెప్పేస్తారు.

నేను చేసిన తప్పు చెప్తాను. సెకండ్ ఫ్లోర్‌కి ఒక కుటుంబం కుదిరింది. భార్యాభర్తలిద్దరూ వైట్‌ఫీల్డ్‌లో ఉద్యోగం, ఒక పాప, ఊరి నుంచి వచ్చిన అత్తగారు. జూన్ 1 అని చెప్పాను. మే 20కి పెయింట్ అయిపోయింది, అద్దంలా ఉంది ఇల్లు. కానీ మీటర్ లేదు. ఎలక్ట్రికల్ కాంట్రాక్టర్ "రేపు ఇస్తా, ఎల్లుండి ఇస్తా" అంటూ కాగితాలు మూడు వారాలు తన బండి డిక్కీలోనే తిప్పాడు. నేనూ గట్టిగా అడగలేదు. వాళ్ళేమో పాత ఇంటికి నోటీసు ఇచ్చేశారు, అక్కడ వేరేవాళ్ళు దిగడానికి సిద్ధంగా ఉన్నారు. మే 30న ఆయన ఫోన్ చేసి, "అంకుల్, ప్యాకర్స్‌కి డబ్బు కట్టేశాను, ఇప్పుడేం చేయమంటారు?" అని అడిగాడు. కోప్పడి ఉంటే బాగుండేది. మామూలుగా అడిగాడు, అందుకే ఇప్పటికీ గుర్తుంది. వాళ్ళు పద్దెనిమిది రోజులు చుట్టాలింట్లో సర్దుకున్నారు. సామాను మా స్టిల్ట్‌లో టార్పాలిన్ కింద పెట్టుకున్నారు. మొదటి నెల అద్దె నేను తీసుకోలేదు.

అప్పట్నుంచి నా పద్ధతి మారింది. తేదీ ఖాయం చేసేది పెయింట్ కాదు. కరెంటు మీటరు, నీళ్ళు, డ్రైనేజీ, ఈ మూడే. ఇవి ఎప్పుడొస్తాయో తేలాక, దానికి ఇరవై రోజులు కలిపి చెప్పండి. "జూన్ 1 ఇస్తా" అని జూన్ 18న ఇచ్చేవాడి కంటే, "జూన్ 20" అని 15న తాళాలిచ్చేవాడే మంచి ఓనర్. పని జరిగింది ఇద్దరికీ ఒక్కలాగే.

కట్టడానికి తీసుకున్న టెంపరరీ కరెంటు మీదే వాళ్ళని దించేయొచ్చా?

వద్దు. అది కట్టడం కోసం ఇచ్చిన కనెక్షన్, దాని రేటు ఎక్కువ. అందరికీ కలిపి ఒకటే మీటర్ కాబట్టి మొదటి నెల బిల్లుకే గొడవ మొదలవుతుంది. పోర్షన్‌కో మీటర్ ఉండాలి. అద్దెకొచ్చేవాళ్ళు అడిగే మొదటి ప్రశ్నల్లో "గృహజ్యోతి వస్తుందా సార్?" అన్నది ఒకటి. 2023 నుంచి ఉన్న ఈ కర్ణాటక ఉచిత కరెంటు పథకం అద్దెకున్నవాళ్ళకీ వర్తిస్తుంది, కానీ విడి మీటర్ ఉంటేనే. నెలకి 200 యూనిట్ల లోపు వాడేవాళ్ళకే, అది కూడా పాత వాడకం సగటుని బట్టి లెక్క వేస్తారు. కొత్త మీటర్‌కి పాత లెక్క ఉండదు, రాష్ట్ర సగటు 53 యూనిట్లు ఆధారంగా తీసుకుంటారు. అందుకని "మీకు కరెంటు ఫ్రీ" అని నోరు జారకండి.

ఓసీ (ఇల్లు ప్లాన్ ప్రకారం పూర్తయింది, ఉండొచ్చు అని ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్) లేకుండా అద్దెకివ్వొచ్చా?

ఇవ్వకూడదన్నది చట్టం, ఇస్తున్నారన్నది ఊరు. 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు, కరెంటు, నీళ్ళు, డ్రైనేజీ కనెక్షన్లు ఇచ్చేముందు ఓసీ చూడాలని గట్టిగా చెప్పింది. తర్వాత చిన్న సైట్లవాళ్ళు చిక్కుకుపోవడంతో, 1,200 చదరపు అడుగులు మించని సైట్లలో గ్రౌండ్ ప్లస్ రెండు, లేదా స్టిల్ట్ ప్లస్ మూడు వరకు కర్ణాటక ప్రభుత్వం 2025లో మినహాయింపు ఇచ్చింది. ఇక్కడ తేడా వచ్చేది ప్లాన్‌లో లేని అంతస్తు దగ్గర. "ఇంకో అంతస్తు లేపేద్దాం, ఇంకో ఇరవై వేలు వస్తుంది" అని పైకి వెళ్ళినవాళ్ళకి మినహాయింపూ పోతుంది, మీటరూ ఆగుతుంది. అలాంటి అంతస్తుకి ముందే అడ్వాన్స్ పుచ్చుకోవడమంటే కొరివితో తల గోక్కోవడమే.

పైగా మన సైజు ఇంటికి రెయిన్ వాటర్ హార్వెస్టింగ్ తప్పనిసరి. అది చివర్లో గుర్తొచ్చి, పార్కింగ్ టైల్స్ పగలగొట్టి గుంత తవ్వినవాళ్ళని చూశాను.

నాలుగు పోర్షన్లూ ఒకేసారి చూపించాలా?

అవసరం లేదు. ఒకదాన్ని ముందు పూర్తి చేయండి. మేస్త్రి ఒప్పుకోడు. టైల్స్‌వాళ్ళు అన్ని ఫ్లోర్లూ ఒకేసారి, పెయింటర్లు అన్నీ ఒకేసారి చేయడం వాళ్ళకి సులువు. అయినా పట్టుబట్టి ఫస్ట్ ఫ్లోర్ పూర్తి చేయించండి: ట్యాపులు, కమోడ్, స్విచ్ బోర్డులు, గ్రిల్స్, ఒక ఫ్యానుతో సహా. అది చూశాక మిగతావాటిని ఊహించుకోవడం వాళ్ళకి కష్టం కాదు.

వచ్చినవాళ్ళు ఏం చూస్తారో కొన్నాళ్ళు గమనించాను. మగవాళ్ళు ముందు ఫోన్ తీసి సిగ్నల్ చూస్తారు, తర్వాత కిందికి దిగి బండి ఎక్కడ పెట్టాలో చూస్తారు. ఆడవాళ్ళు సరాసరి వంటింట్లోకి వెళ్తారు. ట్యాప్ తిప్పుతారు. నీళ్ళు రాకపోతే ముఖంలో తెలిసిపోతుంది, అందుకే ఆ ఒక్క పోర్షన్‌కైనా ట్యాంకు నుంచి నీళ్ళు ఎక్కించి ఉంచాలి. ఫ్రిజ్ పెట్టాక తలుపు పూర్తిగా తెరుచుకుంటుందా అని చేత్తో కొలుస్తారు. యుటిలిటీలో వాషింగ్ మెషీన్‌కి ట్యాపు, ప్లగ్, నీళ్ళు పోయే దారి మూడూ ఉన్నాయా అని అడుగుతారు. మాకు ప్లగ్ ఒక గోడకి, ట్యాపు ఎదురు గోడకి పడ్డాయి. ఒకావిడ చూసి నవ్వి, "మెషీన్ మధ్యలో పెట్టుకోవాలా అంకుల్?" అంది. మర్నాడే గోడ కొట్టించాం. ఆ తర్వాత దేవుడి గూడు. తెలుగువాళ్ళు అడగకుండా వెళ్ళరు. చివరికి కిటికీ తెరిచి పక్కింటి గోడ ఎంత దూరంలో ఉందో చూస్తారు. మన లేఅవుట్లలో అది చేతికందే దూరమే. దాని గురించి చేయగలిగిందేమీ లేదు, అద్దె దగ్గర తగ్గడం తప్ప.

సగం కట్టిన ఇంట్లోకి జనాన్ని తీసుకెళ్ళడం ప్రమాదం కాదా?

ప్రమాదమే. రెయిలింగ్ లేని మెట్లు, మూత లేని సంప్, లిఫ్ట్ కోసం వదిలిన ఖాళీ, నేలమీద మేకులున్న చెక్కలు. వచ్చేవాళ్ళలో చిన్నపిల్లలుంటారు, వాళ్ళు మన మాట వినరు. సంప్ మీద బరువైన మూత పెట్టి, లిఫ్ట్ ఖాళీకి ప్లైవుడ్ బిగించి, మెట్లకి కనీసం కర్రలు కట్టాకే ఎవరినైనా పైకి రానివ్వండి. వారంలో ఒక రోజు, ఆదివారం పది నుంచి ఒంటిగంట వరకు అని పెట్టుకుంటే అందరికీ సుఖం. పనివాళ్ళు ఉండరు, గ్రైండర్ మోత ఉండదు. ఎవరినీ ఒంటరిగా తిరగనివ్వద్దు.

మనుషులు ఎక్కడ దొరుకుతారు? బ్రోకర్ కావాలా?

గేటుకి కట్టిన టు-లెట్ బోర్డుని చిన్నచూపు చూడకండి. మా నలుగురిలో ఇద్దరు దాన్ని చూసి వచ్చినవాళ్ళే, ఇద్దరూ రెండు వీధుల అవతల అద్దెకున్నవాళ్ళు. ఏరియా తెలిసినవాళ్ళు కాబట్టి ఇల్లు తప్ప ఇంకేమీ అడగరు. బోర్డు మీద కన్నడలో కూడా రాయించండి, ఎప్పుడు ఖాళీయో తేదీ వేయించండి. తేదీ లేకపోతే రోజుకి పది ఫోన్లు "ఇవాళ చూడొచ్చా?" అని.

నోబ్రోకర్, మ్యాజిక్‌బ్రిక్స్ లాంటి వాటిలో పెట్టేటప్పుడు త్రీడీ బొమ్మ పెట్టొద్దు. సిమెంటు రంగులోనే ఉన్నా అసలు ఫోటోనే పెట్టండి. నేను మెట్రో స్టేషన్ మెట్ల దగ్గర మొదలుపెట్టి మా గేటు దాకా నడుస్తూ ఒక వీడియో తీశాను. ఇంటి ఫోటోలకంటే దానికే ఎక్కువ ఫోన్లొచ్చాయి. 2023 అక్టోబరులో పర్పుల్ లైన్ వైట్‌ఫీల్డ్ దాకా పూర్తిగా కలిశాక ఇటువైపు అద్దెకొచ్చేవాళ్ళు ముందు అడిగేది స్టేషన్ ఎంత దూరం అనే. ఎలక్ట్రానిక్ సిటీ వైపు కట్టేవాళ్ళకి 2025 ఆగస్టులో మొదలైన ఎల్లో లైన్‌తో ఇదే మాట.

బ్రోకర్ సాధారణంగా అద్దెకొచ్చేవాళ్ళ దగ్గర ఒక నెల అద్దె తీసుకుంటాడు, కొందరు ఓనర్‌ని కూడా అడుగుతారు. ఒకటి గుర్తుంచుకోండి: పూర్తికాని ఇంటికి బ్రోకర్ మరీ దగ్గరి తేదీ చెప్పేస్తాడు. "వచ్చే వారమే రెడీ" అని అతనంటాడు, మాట పడేది మీరు.

ఆన్‌లైన్లో పెట్టిన పది నిమిషాలకే ఒకాయన ఫోన్ చేసి, ఇల్లు చూడకుండానే అడ్వాన్స్ పంపుతానన్నాడు. నమ్మొచ్చా?

ఆర్మీ ఆఫీసర్ అని చెప్పాడా? బదిలీ మీద వస్తున్నానని, డబ్బు పంపడానికి క్యూఆర్ కోడ్ స్కాన్ చేయమన్నాడా? అది మోసం, చాలా పాతది. మనకి డబ్బు రావడానికి మనం పిన్ నొక్కక్కర్లేదు. ఫోన్ పెట్టేయండి.

టోకెన్ ఎంత తీసుకోవాలి? మొత్తం అడ్వాన్స్ ముందే అడగొచ్చా?

టోకెన్ ఐదు వేలో, పది వేలో చాలు. మనిషి వెనక్కి తగ్గకుండా ఉండటానికే అది, మన ఖర్చులకి కాదు. మిగతాది తాళాలిచ్చే రోజున. ఇక్కడ చాలామంది పొరపాటు చేస్తారు. చివర్లో డబ్బు అయిపోతుంది, నాలుగు పోర్షన్ల అడ్వాన్స్ అంటే నాలుగైదు లక్షలు, దాంతో లిఫ్టో, గ్రానైటో అయిపోతుందని ఆశ. ఆ పని ఆగిందంటే ఇల్లూ ఇవ్వలేరు, డబ్బూ తిరిగివ్వలేరు. ఇంకొకరి పిల్లల ఫీజులకి దాచుకున్న డబ్బుతో మన గ్రానైట్ వేసుకోకూడదు, అంతే.

అడ్వాన్స్ ఒకప్పుడు బెంగళూరులో పది నెలల అద్దె. ఇప్పుడు చాలాచోట్ల ఐదారు నెలలకి దిగింది. కేంద్రం 2021లో తెచ్చిన నమూనా అద్దె చట్టంలో ఇళ్ళకి రెండు నెలలే అని ఉంది గానీ, రాష్ట్రం దాన్ని తన చట్టంగా చేసుకుంటేనే అమలవుతుంది. చెన్నై నుంచి వచ్చేవాళ్ళు మూడు నెలలు అంటే ఆశ్చర్యపోకండి. తమిళనాడు చట్టం ప్రకారం, అగ్రిమెంటులో వేరేగా రాసుకుంటే తప్ప, అక్కడ మూడు నెలలే.

అగ్రిమెంట్‌లో ఏం రాయాలి?

అందరూ రాసే పదకొండు నెలల అగ్రిమెంటే. ఏడాది దాటితే రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాబట్టి ఆ లెక్క వచ్చింది. అయితే టోకెన్ రోజున అగ్రిమెంట్ చేయకండి. ఆ రోజు వాట్సాప్‌లో ఒక మెసేజ్ చాలు. నేను పంపేది ఇలా ఉంటుంది:

"సెకండ్ ఫ్లోర్ టూ బీహెచ్‌కే కోసం మీరు 10,000 టోకెన్ ఇచ్చారు. జూన్ 20కి కరెంటు మీటర్, నీళ్ళతో తాళాలిస్తాను. ఆ రోజుకి ఇవ్వలేకపోతే మీరు ఎప్పుడడిగితే అప్పుడు 10,000 పూర్తిగా తిరిగిస్తాను. జూన్ 5 తర్వాత మీరు వద్దంటే 5,000 పట్టుకుంటాను. అద్దె తాళాలిచ్చిన రోజు నుంచే."

వాళ్ళు "ఓకే అంకుల్" అని కొడితే అయిపోయింది. ఈ మెసేజ్ చూసి ఇద్దరు వద్దనుకున్నవాళ్ళు కూడా మనసు మార్చుకుని వచ్చారు. తేదీ తప్పితే డబ్బు తిరిగిస్తానని ఓనర్ తనంతట తాను రాయడం వాళ్ళకి కొత్త.

లీజుకిస్తే పదిహేను లక్షలు ఒకేసారి వస్తాయి. దాంతో ఇల్లు పూర్తి చేసుకోవచ్చు కదా?

ఇక్కడ లీజు అంటే మన దగ్గరి భోగ్యమే. పెద్ద మొత్తం తీసుకుని, రెండు మూడేళ్ళు అద్దె లేకుండా ఉండనిచ్చి, వెళ్ళేటప్పుడు మొత్తం తిరిగివ్వాలి. ఆ పదిహేను లక్షలు టైల్స్‌గా, తలుపులుగా మారిపోయాక మూడేళ్ళకి ఎక్కడి నుంచి తెస్తారు? ఇంకో లీజుదారుడి దగ్గర నుంచి. అతను దొరక్కపోతే? ఈలోపు ఆ పోర్షన్ నుంచి అద్దె రాదు, ఈఎంఐ ఆగదు. ఇల్లు బ్యాంకు తనఖాలో ఉంటే బ్యాంకుని అడక్కుండా ఇలాంటివి చేయకూడదు కూడా. నాలుగిట్లో ఒకదాన్ని లీజుకిచ్చి బయటపడ్డవాళ్ళున్నారు. నాలుగూ ఇచ్చినవాళ్ళు చివరికి ఇల్లే అమ్ముకున్నారు.

ముందే కుదిరినవాళ్ళకి అద్దె తగ్గించాలా?

అద్దె తగ్గించొద్దు, రోజులు ఇవ్వండి. మొదటి పదిహేను రోజులు ఫ్రీ అంటే ఒక్కసారితో పోతుంది. నెలకి వెయ్యి తగ్గిస్తే ఏటా ఐదు శాతం పెంచేది కూడా ఆ తగ్గిన అద్దె మీదే. పైగా పక్క పోర్షన్‌వాళ్ళకి వారంలో తెలుస్తుంది.

మేం పాలు పొంగించకముందే అద్దెకొచ్చేవాళ్ళు దిగొచ్చా?

మీ గృహప్రవేశం ముందు చేసేసుకోండి. ముహూర్తం తొందరగా వస్తే ఇల్లు సగంలో ఉన్నా గుమ్మాలు నిలబెట్టి, ఒక పోర్షన్లో పాలు పొంగిస్తే సరిపోతుందని మా పంతులు గారు చెప్పారు, అలాగే చేశాం. అద్దెకొచ్చేవాళ్ళు మళ్ళీ తమ పోర్షన్లో పాలు పొంగించుకుంటారు. కొత్త స్టవ్ గ్రానైట్ మీద పెట్టి, పాలు పొంగి కారితే కంగారుపడకండి, తుడిస్తే పోతుంది.

బ్యాచిలర్స్‌కి ఇవ్వాలా వద్దా?

ఇవ్వండి. పైనున్న రెండు సింగిల్ బెడ్‌రూములకి కుటుంబాల కోసం ఎదురుచూస్తే ఆర్నెల్లు పడుతుంది. ఎవరికిచ్చినా ఆధార్ కాపీ, కంపెనీ ఐడీ తీసుకుని పోలీస్ వెరిఫికేషన్ చేయించండి. కులం అడిగి ఇల్లిచ్చే ఓనర్లు మనవాళ్ళలోనే ఇంకా ఉన్నారు. "మీ ఇంటిపేరేంటి బాబూ" అని తీయగా మొదలుపెడతారు. అది అడగకండి.

కింద వాళ్ళు దిగాక పైన పని మిగిలి ఉంటే?

ఉంటుంది. ముందే చెప్పండి: ఏ ఫ్లోర్లో ఏ పని, ఎన్ని రోజులు, ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటల దాకా. ఇంటి నుంచి పనిచేసేవాళ్ళకి టైల్స్ కట్టర్ మోత కంటే నరకం లేదు. మోత పనులు శనివారానికి జరిపాం. కొత్త గోడల్లో తడి ఉంటుంది కాబట్టి మొదటి వానకి ఎక్కడో ఒకచోట చెమ్మ కనిపిస్తుంది. పెయింటర్‌కి పూర్తి డబ్బు ఆ వాన పడేదాకా ఇవ్వొద్దు.

నీళ్ళ గురించి ఎంతవరకు చెప్పాలి?

అంతా చెప్పాలి. 2024 మార్చిలో ట్యాంకర్ల కోసం పడ్డ పాట్లు ఈ ఊళ్ళో ఎవరూ మర్చిపోలేదు. అదే ఏడాది అక్టోబరులో కావేరి ఐదో దశ మొదలై శివార్లలోని 110 గ్రామాల వైపు పైపులు వచ్చాయి గానీ, మీ వీధిలో పైపు ఉండటం వేరు, మీ సంప్‌లో నీళ్ళు పడటం వేరు. బోరు నీళ్ళైతే బోరు అనే చెప్పండి, ట్యాంకర్ తెప్పిస్తే ఖర్చు ఎవరిదో ముందే మాట్లాడుకోండి.

పన్నుల సంగతి?

క్లుప్తంగా. అద్దె ఆదాయంలో 30 శాతం మరమ్మతుల కింద లెక్క చూపకుండానే మినహాయింపు వస్తుంది. కట్టేటప్పుడు కట్టిన వడ్డీని ఇల్లు పూర్తయిన ఏడాది నుంచి ఐదు సమాన భాగాలుగా చూపించుకోవచ్చు, కాబట్టి ఆ బ్యాంకు స్టేట్‌మెంట్లు పారేయకండి. ఏడాది అద్దె లక్ష దాటితే హెచ్‌ఆర్‌ఏ (జీతంలో ఇంటి అద్దె భత్యం) మినహాయింపు కోసం అద్దెకున్నవాళ్ళు మీ పాన్ అడుగుతారు, ఇవ్వాలి. అద్దెకిచ్చిన ఇంటికి ఆస్తిపన్ను సొంతానికి వాడుకునేదానికంటే ఎక్కువ, ఆ తేడా ముందే లెక్కలో వేసుకోండి.

మేం కడపలో ఉంటాం. అక్కడి నుంచి ఇదంతా అవుతుందా?

ఆదివారాలు రాగలిగితే అవుతుంది. లేదంటే ఇల్లు చూపించే పని మేస్త్రికో, వాచ్‌మన్‌కో అప్పగించండి గానీ, డబ్బు, తేదీ మాత్రం మీ ఫోన్ నుంచే. వాచ్‌మన్ ఒకే పోర్షన్‌కి ఇద్దరి దగ్గర టోకెన్ తీసుకున్న కథలు ఈ వీధుల్లో చాలానే ఉన్నాయి.

నాలుగూ కుదిరాయి. ఇక బోర్డు తీసేయొచ్చా?

తాళాలు చేతికిచ్చేదాకా ఉంచండి. నాలుగులో ఒకరు తప్పుకుంటారు: ఆఫర్ మారుతుంది, అమ్మకి ఒంట్లో బాగుండదు, పాత ఓనర్ అద్దె తగ్గిస్తాడు. ఈలోపు వచ్చే ఫోన్లకి "కుదిరింది, ఎవరైనా తప్పుకుంటే చెప్తాను" అని చెప్పి నంబర్, ఎంతమంది ఉంటారో రాసుకోండి. మా పై పోర్షన్లో ఇప్పుడున్న పిల్లలు అలా నోటుబుక్కులో మూడో పేరు.